చిల్లాకు

దగ్గరికి జరిగి కూర్చోండి. నేను ఐదో తరగతి దాటనిదాన్ని, పెద్ద సంగతులు నాకు రావు. ఒక్క మాట గురించి మాత్రం చెబుతాను. పొద్దున తడి గోనెసంచి విప్పగానే నానిన తునికాకు వాసన గుప్పుమంది. బీడీలు చేసే ఇళ్లలో పుట్టినవాళ్లకు ఆ వాసన చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లు వాన పడ్డ మర్నాటి అడవిని తలచుకోండి. ఆ వాసన వచ్చినప్పుడల్లా మా లచ్చవ్వ పక్కన వచ్చి కూర్చున్నట్టే ఉంటుంది. ఆమె పోయి రెండేళ్లు దాటింది.

ఎల్లారెడ్డిలో మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే. ఆమె కొడుకు మల్లేశన్నకు ఎడమ చెవి వినపడదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయిందని వాడకట్టంతా అనుకునేది. నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు బీడీ పని నేర్పింది లచ్చవ్వే. కొలతకు పెట్టుకునే రేకుముక్కను ఆకు మీద ఆనించి, దాని చుట్టూ కత్తెర తిప్పాలి. నేను కళ్లు పెద్దవి చేసుకుని ఒక్కో ఆకూ కోస్తుంటే నవ్వేది.

"గట్ల గుడ్లప్పగించి చూస్తే కత్తెర నడ్వది పిల్లా. చెయ్యిని ఇడిసిపెట్టు. దానికి నీకన్నా ముందుగాల ఎర్క."

నిజమే. కొన్ని నెలలకు చేతులు వాటంతటవే పనిచేయడం మొదలుపెట్టాయి. ఎంతగా అంటే, మా మేనమామ ఇచ్చిన పెళ్లి పత్రికను చాటలో పెట్టుకుని, మాటల్లో పడి దాన్ని బీడీ కొలతకు కోసేశాను. లచ్చవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇగ తంబాకు పోసి చుట్టు రాజవ్వా. పెండ్లికొడుకును ఎవలో ఒకలు తాగుతరు!"

అదే చెయ్యి ఒకనాడు నా బిడ్డ చెంప మీద పడింది. మౌనికకు అప్పుడు ఏడేళ్లు. పరుగెత్తుతూ బిందె తన్నింది, చేసిపెట్టిన బీడీలన్నీ తడిసిపోయాయి. కొట్టాలని నేను అనుకోలేదు. చప్పుడు విన్నాకే కొట్టానని తెలిసింది. మా నాయన చేతి దెబ్బలు తిని పెరిగినదాన్ని. నా పిల్లల మీద చెయ్యి చేసుకోనని చిన్నప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. అయినా ఆ దెబ్బ మొదటిది కాదు. అసలు దుఃఖం మర్నాడు వచ్చింది. గోడ మేకుకున్న చాట తీయడానికి చెయ్యి ఎత్తితే, కింద నిలబడ్డ పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని భుజాలు ముడుచుకుంది.

ఏడుస్తూ గోడ దాటాను. "నేను లేపలే అవ్వా, చెయ్యే లేసింది. మా నాయిన చెయ్యి నాకొచ్చింది."

ఓదారుస్తుందనుకున్నాను. ఆమె ఒక ఆకుల కట్ట నా ఒడిలో పడేసి "కొయ్యి" అంది. కళ్లనిండా నీళ్లు పెట్టుకునే కోశాను. నాలుగైదు ఆకుల తర్వాత కత్తెర సగంలో ఆగింది.

"ఎందుకాగినవ్?"

"ఆకుకు చిల్లుంది గదా."

"కండ్లతోని చూసినవా?"

"లే. ఏలికి తగిలింది."

"నడిచే కత్తెరను ఎవలాపిర్రు మరి? మీ నాయిన అచ్చిండా?"

ఆ చిల్లాకును తీసి పక్కన పెట్టాను. ఆనాటి నుంచి మా ఇంట్లో నా గొంతు లేచిందంటే గోడ అవతలి నుంచి కేక వచ్చేది, "రాజవ్వా, చిల్లాకూ!" అని. ఆకులు సరిగ్గా రాలేదని అరుస్తోందనుకునేవారు ఇరుగుపొరుగు. ఇక్కడ నా చెయ్యి గాలిలోనే నిలిచిపోయేది. ఒక్కనాటితో కుదిరిందనుకోకండి. ఆ తర్వాత కూడా రెండుసార్లు ఆగలేదు. రెండుసార్లూ వెళ్లి ఆమెతో చెప్పుకున్నాను. బీడీలు పాడుచేసిన కొత్తదానితో అన్నట్టే అంది, "రేపు మళ్ల కూసో."

మౌనిక పెరిగి కామారెడ్డిలో నర్సు చదువులో చేరింది. ఒక ఆదివారం ఇంటికొచ్చి, చాట ముందు కూర్చున్న నాతో క్లాసులో విన్న సంగతి చెప్పింది. మనిషి తలకు వైర్లు పెట్టి, నీకెప్పుడు అనిపిస్తే అప్పుడు వేలు కదిలించు అంటారట. వేలు కదపాలనుకున్నానని ఆ మనిషి చెప్పే క్షణానికి ముందే మెదడులో కదలిక మొదలవుతుందట. "అట్లయితే మనం చేసేది మనం చేస్తున్నట్టేనా అమ్మా?" అంది. కత్తెర కింద పెట్టేశాను. అయితే నిజంగా చెయ్యే లేచిందా? ఇన్నేళ్లు నేను పడ్డ పాటంతా ఉత్తదేనా?

ఆ వారమే లచ్చవ్వకు ఆయాసం ఎక్కువై కామారెడ్డి దవాఖానలో చేర్చారు. తల్లీబిడ్డలం వెళ్లాం. ఆమె వేళ్లు దుప్పటి మీద లేని ఆకును చుడుతూనే ఉన్నాయి. మౌనిక చేత ఆ సంగతి చెప్పించాను.

"గింత దానికి వైర్లెందుకు బిడ్డా, నన్నడిగితే చెప్పకపోదునా?" అని నవ్వి దగ్గింది. "లేసిన చెయ్యి నడుమల ఆగుడు చూసిర్రా?"

"దాని మీదనే కొట్లాడుతున్నరు అవ్వా. ఆపనీకి జరంత సందుంటదని కొందరంటరు. అసలు ఆ కదలికకు అర్థమే వేరంటరు ఇంకొందరు. ఇంకా తేలలే."

"తేల్చనీ. అప్పటిదాంక మనం ఆపుకుంటనే ఉందాం."

తర్వాత నన్ను వంగమంది. చాలా నెమ్మదిగా చెప్పింది. "మల్లేశు చెవి జరంతోని పోలే. నేనే కొట్టిన. చెయ్యే లేసిందని నేను గూడ అన్న. లేస్తే లేసింది, అది నా చెయ్యే గదనే."

ఆమె వేళ్లను నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. అప్పుడు గానీ అవి ఆగలేదు.

ఈ రోజు పొద్దున ఆకు విప్పి, చాట కోసం మేకు వైపు చెయ్యి ఎత్తాను. సరిగ్గా ఆ చెయ్యి కిందే నిలబడి మౌనిక డ్యూటీకి జడ వేసుకుంటోంది. రెప్ప కూడా వేయలేదు. "జరుగమ్మా, బస్సు పోతది" అంది. ఆమె వెళ్లాక చాట ముందు కూర్చున్నాను. గోడ అవతలి నుంచి కేక రాదు. ఆ మాట నాకు నేనే అనుకుని కత్తెర అందుకున్నాను.

ఇంతసేపు విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లో లేచిన ప్రతి చెయ్యీ పిల్లల తల నిమరడానికే దిగాలి. మీ గడపలో ఎవరూ ఎవరి చెయ్యి చూసీ భుజాలు ముడుచుకోకుండా బతకాలి.