సత్యవతి ఎవరండీ?

మొన్న కంటి ఆపరేషనుకి రాజమండ్రిలో ఒక ఆసుపత్రికి వెళితే, అక్కడి నర్సమ్మాయి నా మణికట్టుకి నంబరున్న పట్టీ చుట్టి, ఇక పేరుతో పనిలేదండి అంది. ముప్పై ఐదేళ్లు నర్సుగా చేసినదాన్ని, ఆ పట్టీ విలువ నాకు తెలియనిది కాదు. అయినా దాన్ని చూడగానే నా మొదటి ఉద్యోగం రోజులు గుర్తుకొచ్చాయి.

మన కాలంలో గోదావరికి రెండు పక్కలా వీధికో సత్యవతి ఉండేది, మీకూ గుర్తుండే ఉంటుంది. అన్నవరం మొక్కుతో పుట్టిన ఆడపిల్లలకి ఆ పేరు పెట్టేవారు. మా లూథరన్ ఇంట్లో కూడా, సత్యమంటే దేవుడి వాక్యమేనని పాస్టరుగారితో వాదించి మరీ, మా తాతగారు మా పిన్నికి అదే పేరు పెట్టారు. ఇంతమంది సత్యవతుల మధ్య పెరిగిన నేను, ఉద్యోగంలో చేరిన రెండో నెలలో, మా వార్డులో ఆ పేరుగలావిడ ఒక్కతే ఉంటుందని ఎలా నమ్మానో!

కడియం నర్సరీల్లో కూలికి వెళ్లే సత్యవతికి ఆ మధ్యాహ్నం రక్తం ఎక్కించాలి. నేను సీసా పట్టుకుని వచ్చేసరికి ఆవిడ బాత్‌రూముకి వెళ్లిందట, నాకు తెలియదు. గుమ్మంలో నిలబడి, సత్యవతి ఎవరండీ అని కేకేశాను. కిటికీ పక్క తొమ్మిదో మంచం మీదావిడ, చేపలమ్ముకునే ఇంటి కోడలు, ఠక్కున లేచి కూర్చుని, “నేనేనండి!” అంది. మొహం వెలిగిపోయింది. అప్పటికే సెలైన్ ఎక్కుతోంది కాబట్టి ఇదీ అలాంటిదే అనుకుని చెయ్యి చాపింది. సెలైన్ తీసేసి రక్తం గొట్టం తగిలించాను. ఇక వదలడమే తరువాయి.

ఇంతలో కాఫీకి వెళ్లిన వాళ్ల అత్తగారు ఫ్లాస్కుతో వచ్చి, నేను మళ్లీ సత్యవతిగారూ అనడం విని, “అయ్యబాబోయ్, సత్యవతంటే నేనండి! ఇది మా కోడలు లచ్చిమండి!” అని అరిచింది. కేసు షీటు చూశాను. లక్ష్మి అనే ఉంది. రక్తం గ్రూపు వేరు. గబగబా గొట్టం ఊడదీశాను. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే ఆ ప్రాణం నా చేతుల్లోనే పోయేది.

అత్తగారు అటు వెళ్లాక కోడలు మెల్లగా చెప్పింది. పుట్టింటి పేరు సత్యవతేనట. అత్తగారి పేరుతో కోడల్ని పిలవకూడదని పెళ్లినాడే మార్చేశారట. “పదిహేనేళ్లయిందండి ఆ పేరు విని. పిలిచేసరికి పలికేశానండి. ఇంటికెళ్లేదాకా మీరన్నా అలా పిలవరూ?”

నాకు ఒళ్లు మండిపోయింది. భయం ఇంకా దిగలేదు. చచ్చేదానివి తెలుసా అని కసిరి, ఆనాటినుంచి ఆవిడని తొమ్మిదో నంబరు అనే పిలిచాను. ఆవిడనే కాదు, రిటైరయ్యేదాకా అందరినీ నంబరుతోనే పిలిచాను. మళ్లీ నా చేతిలో ఏ పొరపాటూ జరగలేదు.

అప్పట్లో ఒకే పేరున్న ఇద్దరు పక్కపక్క మంచాల మీద పడితే, సాయంత్రానికల్లా వరసలు కలుపుకునేవారు. ఇప్పుడు పక్కమంచం మనిషి పేరేమిటో ఎవరికీ తెలియదు, తెలియకపోయినా ప్రమాదం లేదు. మంచిదే. కానీ ఆనాడు ఆ కోడలు ఇంకా నాలుగు రోజులు మా వార్డులోనే ఉంది. షీటు సరిచూసుకున్నాక, ఒక్కసారి సత్యవతిగారూ అంటే నా సొమ్మేం పోయేది?