దించడానికి చోటు

మా అన్నను కాటికి తీసుకుపోయిన రోజు పాడె మోసినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆయన రైల్వేలో పనిచేశాడు. కాజీపేటలో క్వార్టర్ ఖాళీ చేశాక సుబేదారిలో మా వీధిలోనే ఇల్లు కట్టుకున్నాడు. వీధి చివర నాలుగు రోడ్లు కలిసే చౌరస్తా ఉంది. మా వీధివాళ్లకు దింపుడు కళ్లం అదే.

ఈ మాట తెలియనివాళ్లు ఇప్పుడు ఊళ్లో ఎక్కువయ్యారు కనుక చెబుతున్నాను. కాటికి పోయే దారిలో ఒకచోట పాడెను నేల మీద దించుతారు. కొడుకు వంగి, చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఇంకా ఏ మూలనో ఉంటే పలుకుతుందని. పలికినవాళ్లను నేను చూడలేదు. అయినా పిలవకుండా ఎవరినీ తీసుకుపోలేదు. ఆడవాళ్లు అంతవరకే వస్తారు. చివరి చూపు అక్కడే. చూసి వెనక్కి మళ్లుతారు.

చౌరస్తాలో ఒక మూల అందుకు సరిపడా జాగా ఉండేది. ఉత్త మట్టి నేల. రోజూ అక్కడ ఆటోలు ఆగేవి, మక్కకంకులు కాల్చే ఆమె కూర్చునేది. డప్పు చప్పుడు వినబడితే ఆటోలవాళ్లు ఎవరూ చెప్పకముందే బండ్లు పక్కకు తీసేవారు. ఆ జాగాకు పేరు లేదు, బోర్డు లేదు. నక్షా గీసినవాళ్లకు అది ఖాళీ స్థలంగానే కనబడి ఉంటుంది.

చౌరస్తాను అందంగా చేస్తామని ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద ఆర్కిటెక్టు వేసిన బొమ్మ: ఫౌంటెన్, పచ్చగడ్డి, మన కోటలోని రాతి ద్వారంలాంటి తోరణం సిమెంటుతో, బెలూన్ పట్టుకున్న పాప, కుక్కను నడిపించే అమ్మాయి. ముసలివాళ్లు ఒక్కరూ లేరు. ఆ బొమ్మలోని ఊళ్లో ఎవరికీ మోకాళ్లు నొయ్యవు, ఎవరూ పోరు. తర్వాత అచ్చం బొమ్మలో ఉన్నట్టే కట్టారు. ఒక్కటే కలిపారు, చుట్టూ స్టీలు కంచె. తోరణం అన్నది కింద నుంచి నడిచి వెళ్లడానికి. దీన్ని కంచె ఇవతల నుంచి చూసి, ఫోటో తీసుకుని పోవాలి.

రంగు లైట్లు వెలిగిన మొదటి సాయంత్రం అన్న నన్ను వెంటబెట్టుకుపోయి చూపించాడు. నేను పెదవి విరిస్తే నవ్వాడు.

"నీకు ఏది గట్టినా ఏడుపే తమ్మీ. జర మన ఊరు గూడ మంచిగ కనవడనియ్యి."

ఆయన పోయిన రోజు మేమందరం అలవాటు కొద్దీ ఆ మూలకే నడిచాం. కంచె సంగతి తెలియక కాదు. రోజూ చూస్తున్నదే. పాడె భుజం మీదికి ఎక్కాక కాళ్లు పాత దారే పట్టాయి. కొరివికుండ పట్టుకుని ముందు నడుస్తున్న అన్న కొడుకు కంచె తగిలి ఆగాడు. డప్పులు ఆగాయి. గేటుకు తాళం. లోపల సెక్యూరిటీ మనిషి పైపుతో గడ్డి తడుపుతున్నాడు.

"జర తాళం తియ్యి బై. దించి, పిలిచి, పోతం," అన్నాడు నాతో పాటు పాడె మోస్తున్న కిరాణా దుకాణం ఆయన.

"సాయంత్రమే తీస్తరు కాకా. గడ్డి తొక్కనిచ్చిన్నని తెలిస్తె నా నౌకరి పోతది."

"పీనుగ గడ్డి మేస్తదా బై?"

వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు. అన్న ఉంటే ముందు ఆయనే నవ్వేవాడు. సెక్యూరిటీ మనిషి తల దించుకున్నాడు గానీ తాళం తీయలేదు. అతన్ని అనడానికి ఏమీ లేదు.

"నడువుండ్రి, ముంగట జూద్దాం," అన్నారెవరో. నడిచాం. ఫుట్‌పాత్ ఎత్తుగా ఉంది, బండ్లు ఎక్కకుండా ఇనుప గుంజలు పాతారు. వాటి నడుమ పాడె పట్టదు. అది దాటితే బట్టల షోరూం పార్కింగు. ఆ పైన మళ్లీ గుంజలు. రోడ్డు మధ్య డివైడర్, దాని మీద పూలకుండీలు. వెనక మా వదిన చెప్పులు లేకుండా, కోడలి భుజం పట్టుకుని వస్తోంది. ఎక్కడ మళ్లాలో తెలియక ఆడవాళ్లంతా వస్తూనే ఉన్నారు.

చివరికి రోడ్డు మీదే దించాం. వెంటనే హారన్లు మొదలయ్యాయి. సందు దొరికిన మోటారుసైకిళ్లన్నీ మా మధ్యలోంచి దూరాయి. వాటిని తప్పుకుంటూ ఆడవాళ్లు డివైడర్ వైపు జరిగారు. వాళ్లకూ పాడెకూ నడుమ ఒక బస్సు వచ్చి నిలబడింది. అన్న కొడుకు వంగి "బాపూ" అన్నాడు. రెండో పిలుపు హారన్లలో కలిసిపోయింది. మూడోసారి పెదవులు కదలడం మాత్రం చూశాను.

"లేపుండ్రి, లేపుండ్రి, బండ్లు ఆగినయ్!"

లేపాం. బస్సు కదిలేసరికి మేం ముందుకు వచ్చేశాం.

పదో రోజు చుట్టాలు వెళ్లిపోయాక వదిన నన్ను అడిగింది.

"నడిరోడ్డు మీద పిలిస్తె ఆయనకు ఇనవడ్డదంటవా తమ్మీ?"

"ఇనవడ్డది వదినా. మంచిగనే పిలిచిండు. నేను పక్కనే ఉన్న గద."

"నాకే ఇనవడలె," అన్నది. "మొకం గూడ సూడలె."

మొన్న మా వీధిలో ఇంకొకరు పోయారు. వాళ్లు మా సంగతి చూసినవాళ్లే. పాడెను ఇంటి గేటు దాటించి, అక్కడే ర్యాంపు మీద దించి, పిలిపించి, ఆడవాళ్లను అటునుంచి అటే లోపలికి పంపించారు. ఏడుపులు సరిగా మొదలు కాకముందే అంతా అయిపోయింది. వదిన అక్కడికి వెళ్లిన వెంటనే ఇంటికి తిరిగి వచ్చి బావి దగ్గర స్నానానికి కూర్చుంది. బయట మగవాళ్లు మెచ్చుకుంటున్నారు, బండ్లకు ఏడా అడ్డం గాలేదని.