స్కిడర్ రేకు మీద ఒక్క దెబ్బ

మా ఊళ్లో ఎవరికైనా దయ్యం పట్టిందంటే, ముందు మలేరియా పరీక్ష చేయించండని చెప్పేవాణ్ణి నేనే. ధైర్యం ఎక్కువై కాదు, అలాంటివాటి మీద నమ్మకం లేక. ఇప్పుడు రాసేది దయ్యం సంగతి అని కూడా నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, ఏమనుకోవాలో మీ ఇష్టం.

మాది జగిత్యాల వైపు. బహ్రెయిన్ వచ్చి పదకొండేళ్లయింది. మొదట్లో క్యాంపులో ఉండి బిల్డింగు పనులు చేశాను. తర్వాత మా అక్క భర్తను కూడా పిలిపించుకుని, ఇద్దరం కలిసి చెట్లు కొట్టే పని పెట్టుకున్నాం. కాగితాలు కఫీల్, అంటే మా అరబ్బు స్పాన్సరు పేరు మీద, చెమట మా పేరు మీద. ఎడారి దేశంలో చెట్లు కొట్టే పనేంటని ఊళ్లో నవ్వారు. ఇక్కడ పాత తోటల్లో ఎండిపోయిన ఖర్జూరం చెట్లు చాలానే ఉంటాయి. వాటిని కోసి, దుంగలను రోడ్డు దాకా లాగి, లారీకి ఎక్కించాలి. నవ్వినవాళ్లకు ఇదంతా చెప్పే ఓపిక నాకు లేదు.

దుంగలు లాగడానికి మా దగ్గర ఒక పాత స్కిడర్ ఉంది. ట్రాక్టరు లాంటి బండే, వెనక ఇనుప తాడు చుట్టుకునే డ్రమ్ము ఉంటుంది. దుంగకు గొలుసు కట్టి, తాడు తగిలించి, సీట్లోంచి లివర్ లాగితే దుంగ ఈడ్చుకుంటూ వస్తుంది. మాది స్క్రాప్ యార్డులో దొరికింది. సైలెన్సర్ ఎప్పుడో ఊడిపోయింది. స్టార్ట్ చేస్తే పక్కనున్న మనిషి గొంతు చించుకున్నా వినపడదు. సీటు వెనక జాలీ నిండా దుమ్ము, మట్టి. అందులోంచి వెనక ఏముందో కనపడదు.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. సీట్లో నేను, వెనక గొలుసు దగ్గర బావ. కట్టడం అయిపోగానే ఆయన పక్కకు వచ్చి, సీటు వెనకున్న ఇనుప రేకు మీద రాడ్డుతో కొడతాడు. రెండు దెబ్బలంటే లాగు. ఒకటంటే ఆపు. చెవికి వినపడకపోయినా ఆ దెబ్బ సీట్లోంచి నడుముకు తెలుస్తుంది. ఈ పద్ధతి మా ఇద్దరిదే. మూడో మనిషికి చెప్పలేదు, చెప్పడానికి మా పనిలో మూడో మనిషి లేడు కూడా.

ఆ రోజు శ్రావణ సోమవారం. బుసైతీన్‌లో ఒక ఇంటి వెనక తోటలో పని. ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా బయట పని చేయకూడదని ఇక్కడ రూలు. పన్నెండుకు ఇంకా పావుగంట ఉంది. ఒక్క దుంగ మిగిలింది. అది లాగేస్తే ఖలాస్, లేదంటే సాయంత్రం మళ్లీ రావాలి.

బావ ఆ రోజు ఒక్కపొద్దు ఉన్నాడు. ఆ సంగతి నాకు తెలియదు. తెలిస్తే తిడతానని చెప్పలేదు. ఊళ్లో ఉన్నప్పటి నుంచీ శ్రావణ సోమవారాల్లో చీకటి పడేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు. ఆ అలవాటు ఈ ఎండలోకి కూడా తెచ్చుకున్నాడు. నేను బాటిల్ ఇస్తే నెత్తి మీద పోసుకుని తిరిగి ఇచ్చేవాడు. తాగాకే పోసుకుంటున్నాడనుకున్నాను.

రెండు దెబ్బలు పడ్డాయి, లాగాను. దుంగ కొంతదూరం వచ్చి, కోసేసిన ఒక చెట్టు మోడుకు ఏటవాలుగా తట్టుకుని ఆగింది. లివర్ వదిలాను. బావ వెనక్కి వెళ్లి గొలుసు సరిచేస్తున్నాడనుకున్నాను. ఒక నిమిషం చూశాను, రెండు నిమిషాలు చూశాను. దెబ్బలు పడలేదు.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. నేను ఆగలేదు. పన్నెండు అయిపోతోందన్న తొందరలో, ఈపాటికి పక్కకు వచ్చే ఉంటాడులే అనుకుని లివర్ లాగాను.

తాడు బిగిసింది. బండి వెనక్కి కుంగింది. అప్పుడు రేకు మీద దెబ్బ పడింది. నడుముకు తెలిసింది. ఒక్కటే.

చెయ్యి దానంతటదే లివర్ వదిలేసింది. ఇంజన్ ఆపి, ఏమైంది బావా అంటూ దిగాను. రేకు దగ్గర ఎవరూ లేరు.

బావ పదిహేను అడుగుల వెనక, దుంగకూ మోడుకూ మధ్య సందులో బోర్లా పడి ఉన్నాడు. దుంగ జానెడు జరిగి ఆయన భుజానికి ఆనుకుని ఉంది. ఇంకో జానెడు జరిగి ఉంటే ఏమయ్యేదో రాయలేను. రాడ్డు ఆయన పొట్ట కింద ఉంది. వెల్లకిలా తిప్పినప్పుడు నేనే తీశాను.

గోడ నీడన మొక్కలకు నీళ్లు పెడుతున్న తోటమాలి, బంగ్లాదేశ్ మనిషి, పైపు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మిషన్ దగ్గరికి ఎవరైనా వచ్చారా అని తర్వాత అడిగాను. ఎవరూ రాలేదన్నాడు. దెబ్బ తనకు వినపడలేదన్నాడు. ఆ ఇంజన్ మోతలో వినపడదు కాబట్టి దాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

సల్మానియా ఆసుపత్రిలో రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. వడదెబ్బ అన్నారు. భుజం గీసుకుపోవడం తప్ప ఎముకలకేం కాలేదు.

పాత బండి కదా, ఏదో బోల్టు వదులై కొట్టుకుని ఉంటుందని మొదట నేనే అనుకున్నాను. మెకానిక్ రేకు విప్పి చూశాడు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఇంకో దుంగను అలాగే మోడుకు తట్టించి ఏడెనిమిదిసార్లు తాడు బిగించి చూశాను. గొలుసు గరగరమంది తప్ప దెబ్బ రాలేదు. పోనీ నా భయంతోనే అలా అనిపించిందనుకుందామంటే, అప్పుడు నాకు భయం లేదు. ఉన్నదల్లా విసుగు.

అక్క ఫోన్లో ఏడ్చి ఏడ్చి, చివరికి ఒక్క మాటలో తేల్చేసింది. "వేములవాడ రాజన్నే కొట్టిండు తమ్మీ. ఇంకెవరు కొడ్తరు?" నేను కాదనలేదు. దేవుడైతే ఇంజనే ఆపేయొచ్చు కదా, మేం పెట్టుకున్న పద్ధతి ప్రకారం రేకు మీద కొట్టడమేంటని మాత్రం అనిపించింది. ఆ మాట అంటే అక్క చెప్పు తీసుకుంటుందని అనలేదు.

ఇదంతా ఒక ఎత్తు, రూముకు వచ్చాక బావ చెప్పింది ఒక ఎత్తు. పడిపోయే ముందు ఏమైనా గుర్తుందా అని అడిగాను. అంతా గుర్తుందన్నాడు. గొలుసు సరిచేశాడట, పక్కకు వచ్చాడట, రేకు మీద కొట్టాడట.

"ఒక్కటే కొట్టినవ్ గదా బావా," అన్నాను.

"ఒక్కటెందుకు కొడ్త? రెండు కొట్టిన, గుంజుమని. మంచిగ యాదికున్నది."

నేను దిగేసరికి గొలుసు మొదట కట్టినట్టే ఉంది. ఆయన దాన్ని ముట్టుకోనే లేదు. పక్కకూ రాలేదు. ఈ సంగతి చెబుదామని నోరు తెరిచి, ఊరుకున్నాను. ఆ సాయంత్రమే ఆయన అక్కకు ఫోన్ చేసి, "శీను తప్పేం లేదే, గుంజుమని నేనే కొట్టిన," అని చెప్పాడు. నేను పక్కనే కూర్చుని విన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఏ దెబ్బా పడకుండానే లాగానని ఇంతవరకు ఆ ఇద్దరికీ చెప్పలేదు. ఆ ఒక్క దెబ్బ కొట్టినవాళ్లకు మాత్రం తెలుసు. వాళ్లెవరో నాకు తెలియదు.