క నెల పుస్తకానికి చివరి ఫారం

బైండరు పుస్తకాన్ని చదవడు, చూస్తాడు. ముందు దాని వీపు మీద వేలితో తడతాడు. తర్వాత నడిమికి తెరిచి, దారం కనబడేదాకా వంచి, కాగితం వాసన చూస్తాడు. అక్షరం లావుందా సన్నముందా అని కళ్లు చికిలిస్తాడు. ఆ మీదట తీర్పు చెప్తాడు. "ఇది చదివే పుస్తకం" అనో, "ఇది అటకెక్కే పుస్తకం" అనో. ఇన్నేళ్ల వృత్తిలో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అతను చదివిన పుస్తకం ఒక్కటంటే ఒక్కటి లేదు. ఈ సంగతి అతని భార్యకి తెలుసు. ఆవిడ పనిచేసే కుట్టు షెడ్డులో మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ షెడ్డులో బడిపిల్లల చొక్కాలు కుడతారు. పొద్దున్నంతా మిషన్ల రొదలో పక్కమనిషి మాట పక్కమనిషికి వినబడదు. భోజనాలయ్యాక మిషన్లు ఆపేసి చేతిపనికి కూర్చుంటారు. గుండీలు, కాజాలు, అంచులు మడిచి కుట్టడం. ఆ వేళ ఒకరు పుస్తకం పైకి చదువుతుంటే మిగతావాళ్లు సూదులు ఆడిస్తూ వింటారు. మొదట్లో చేతికందింది చదివేవాళ్లు. ఏదీ చివరికంటా వెళ్లేది కాదు. ఇలా లాభం లేదని కటింగ్ మాస్టరమ్మ ఒక పందెం పెట్టింది. నెలకో అక్షరం, అ నుంచి వరసగా. ఆ నెల పుస్తకం పేరు ఆ అక్షరంతోనే మొదలవ్వాలి. నెల దాటేలోపు పూర్తవ్వాలి. పూర్తికాకపోతే పుస్తకం తెచ్చినవాళ్లు షెడ్డంతటికీ టీలు పోయించాలి. పుస్తకం దొరకని అక్షరం వస్తే మారుమాట్లాడకుండా దాటెయ్యాలి.

పుస్తకం ఎవరు తేవాలన్న ప్రశ్న రాకముందే బైండరు భార్య "మా ఆయన తెస్తాడు" అంది.

ఆ మూడు ముక్కలూ బైండరుకి కిరీటమై కూర్చున్నాయి. కొట్టుకి వెళ్లే దారి అది కాకపోయినా షెడ్డు మీదుగా సైకిలు తొక్కేవాడు. లోపల్నుంచి ఎవరో ఒకరు "పుస్తకాల అన్నయ్య వెళ్తున్నాడు" అంటే వినబడనట్టు ముందుకి పోయేవాడు. వినబడకపోతే మళ్లీ వెనక్కి తిరిగొచ్చేవాడు. బైండింగుకొచ్చిన పుస్తకాల్లోంచీ, పాతకాగితాల కొట్లోంచీ నెలనెలా ఒకటి ఏరి, కొత్త అట్ట కట్టి, భార్య సంచిలో తనే పెట్టేవాడు. కొన్ని కథలు బాగున్నాయి, కొన్ని చప్పగా ఉన్నాయి. ఐ వచ్చిన నెల మాత్రం ఇనప్పెట్టెల తాళాలు బాగుచేసే విధానం గురించిన పుస్తకం పంపాడు. పేరు ఐతోనే మొదలవుతుంది, కుట్టు దిట్టంగా ఉంది, అక్షరం ఇంతేసి ఉంది. ఇంకేం కావాలి? షెడ్డులో వాళ్లు పందెం పందెమేనని ఆవలిస్తూ ఆసాంతం చదివారు. ఇప్పటికీ అక్కడ ఏ బీరువా మొరాయించినా కాజాల అక్క తలలో పిన్ను తీసి నిమిషంలో తెరుస్తుంది.

సరిగ్గా ఆ మరుసటి నెలే అతని తోడల్లుడు ఆ ఊరికి బదిలీ అయి వచ్చాడు.

భార్య చెల్లెలి మొగుడు. కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం. ఊళ్లో ప్రతి గుమ్మమూ ఎక్కుతాడు. ఎక్కినవాడు మీటరు చూసి ఊరుకుంటాడా? గూట్లో ఏ పుస్తకాలున్నాయో కూడా చూస్తాడు. "అమ్మగారూ, అది ఒకసారి ఇస్తారా, చదివి భద్రంగా తెచ్చిస్తా" అంటాడు. అడగడంలో వాడికి మొహమాటం లేదు, చదవడంలో బద్ధకం లేదు. పైగా నవ్వితే బుగ్గ సొట్ట పడుతుంది. బైండరుకి అన్నిటికంటే ఒళ్లు మండింది ఆ సొట్టకే.

ఒ నెలకి తోడల్లుడు తెచ్చిన నవల విని షెడ్డులో ఒకావిడ ఏడుస్తూ ఏడుస్తూ చొక్కా చెయ్యిని జేబుకి కలిపి కుట్టేసింది. ఓ నెల కూడా వాడిదే. ఔ వచ్చేసరికి ఏదీ దొరక్క దాటేశారు. దొరకనందుకు బైండరు ఒక్కడే సంతోషించాడు. అం నెల మళ్లీ వాడిదే, అః కూడా దాటేశారు. ఇంట్లో అన్నం వడ్డిస్తూ భార్య చెప్పే కబుర్లు మారిపోయాయి.

"మరిది ఏమన్నాడో తెలుసా? కథలో ఆ ముసలాయన కావాలనే అబద్ధం చెప్పాడంట. నాకసలు తట్టనే లేదు."

"మీటర్లు చూసేవాడికి ముసలాయన సంగతేం తెలుసు?"

"చదివాడు కాబట్టి తెలుసు."

బైండరు మజ్జిగ పోసుకోకుండానే లేచాడు.

క వచ్చింది. క అంటే పుస్తకాలకి కొదవా? కావలసినన్ని. ఈసారి తన చెయ్యి చూపించాలనుకుని బైండరు పాతకాగితాల కొట్టు నేల మీద కూర్చుని సగం రోజు ఏరాడు. గట్టి కుట్టు, లావు అక్షరం, ఎక్కడా చెదపురుగు ముట్టని కాగితం. ఎర్ర కాలికో గుడ్డ అంటించి ఇంటికి తీసుకెళ్లాడు. భార్య అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో దారాలు ఊడిపోయిన పుస్తకాన్ని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని.

"ఏమయ్యా, ఇది కుట్టిపెట్టు. పేరు 'కుడివైపు ఇల్లు'. మరిది ఎవరింట్లోనో చూసి అడిగి తెచ్చాడు. విడిపోయిన అన్నదమ్ముల కథంట. రేపే మొదలుపెట్టాలి."

"నేనొకటి తెచ్చాను."

ఆవిడ ఎర్ర గుడ్డ వైపు చూసింది. "నువ్వు చదివావా?"

"కుట్టాను."

"మరి వచ్చే నెల చూద్దాంలే."

వచ్చే నెల ఖ. ఖతో ఏం దొరుకుతుంది అతని మొహం?

మర్నాడు పొద్దున్నే కొట్టు తెరిచి తోడల్లుడి పుస్తకాన్ని బల్ల మీద పరిచాడు. పుస్తకం అంటే మడత పెట్టిన కాగితాల కట్టల వరస. ఒక్కో కట్టని ఫారం అంటారు. కుట్టేముందు ఒక ఫారం చివరి లైనూ తర్వాత ఫారం మొదటి లైనూ కలిపి చదువుకుంటాడు బైండరు. మాట మాటతో అతికితే వరస సరిగ్గా ఉన్నట్టు. లోకంలో కథలన్నీ అతనికి ఆ అతుకుల దగ్గరే తెలుసు. అన్న గోడ కట్టించాడని ఒక అతుకు దగ్గర తెలిసింది. తమ్ముడు చెప్పకుండా వెళ్లిపోయాడని ఇంకో అతుకు దగ్గర తెలిసింది. ఇంటి కుడి సగానికి అన్న తాళం వేసి తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడని మరో అతుకు దగ్గర. చివరి ఫారం చేతిలోకి తీసుకున్నాడు. దాని తర్వాత అతకడానికి ఇంకో ఫారం లేదు.

ఆ ఫారాన్ని పుస్తకాలు అదిమే ప్రెస్సు చెక్క కింద పెట్టాడు. మిగతావాటిని కుట్టేశాడు.

దొంగపని చేస్తూ కూడా చెయ్యి ఊరుకోలేదు. వీపుకి గుడ్డ వేశాడు, అంచులు నున్నగా కోశాడు, అట్టకి నీలం కాలికో అంటించాడు. పట్టుకుంటే పెళ్లికూతురిలా ఉంది, ఒక్క కాలు లేదంతే. ఏ నెలలోనైనా తోడల్లుడి పుస్తకం పూర్తికాకుండా చతికిలబడితే, షెడ్డంతటికీ వాడు టీలు పోయించాల్సొస్తే, "మా ఆయన తెస్తాడు" అన్న మాట మళ్లీ వస్తుంది. అంతకుమించి అతనికేం అక్కర్లేదు.

అయితే గిరాకీ లేని ఒక మధ్యాహ్నం చెక్క కింద ఉన్న ఫారం గుర్తొచ్చింది. ఒక్క పేజీ చూద్దామని తీశాడు. జిగురు గిన్నెలో ఎండి పెచ్చుకట్టేదాకా తల ఎత్తలేదు. తిరిగొచ్చిన తమ్ముడు అరుగు మీద కూర్చుంటాడు. అన్న ఒక్క మాటా మాట్లాడడు, మొలతాడు విప్పి తాళంచెవి తీసి వెళ్లి తలుపు తెరుస్తాడు. బైండరు వెనక్కి తిప్పి ఆ పేజీ మళ్లీ చదివాడు. దాంతో ఇంకా కోపం వచ్చింది. ఇంత మంచి పుస్తకం వాడికే ఎందుకు దొరకాలి?

నెల సగం దాటాక ఒక సాయంత్రం భార్య చిక్కుళ్లు తుంచుతూ అంది, "తమ్ముడు తిరిగి రాడేమోనని భయంగా ఉంది. వచ్చినా ఆ అన్న గుమ్మం ఎక్కనిస్తాడంటావా?"

"తాళం తీసేది అన్నే" అన్నాడు బైండరు.

ఆవిడ చెయ్యి ఆగింది. "నీకెలా తెలుసు?"

"కుట్టేటప్పుడు కళ్లబడింది."

"ఛీ, ముందే చెప్పేశావు" అని చిక్కుడుకాయ అతని మీదికి విసిరింది. మళ్లీ తుంచడంలో పడింది.

నెలాఖర్లో ఒకరోజు మధ్యాహ్నం తోడల్లుడు కొట్టుకొచ్చాడు. మొహంలో సొట్ట లేదు.

"అన్నయ్యా, కొంప మునిగింది. తమ్ముడు ఊళ్లో బస్సు దిగాడు, అక్కడితో పుస్తకం అయిపోయింది. షెడ్డులో ఒకటే గోల. నేను లోపమున్న పుస్తకం తెచ్చానంటున్నారు."

"తెచ్చే ముందు చూసుకోవద్దూ?"

"చదివే తెచ్చాను, మొత్తం ఉంది. నువ్వు కుట్టేటప్పుడు ఎక్కడైనా జారిందేమోనని ఒకావిడ అంది. వదిన ఊరుకుందా? లేచి నిలబడింది. మా ఆయన చేతిలో ఇన్నేళ్లలో ఒక్క ఫారం పోలేదు, కావలిస్తే నా మిషను మీద ఒట్టు అంది. ఇంకెవరూ నోరెత్తలేదు." తోడల్లుడు బల్ల మీద వేళ్లతో దరువు వేశాడు. "అయితే నీకివ్వకముందే నా సంచిలోంచి ఎక్కడో జారి ఉంటుంది. నా ఖర్మ. రేపు టీలు పోయిస్తాలే. నువ్వూ రా, అన్నయ్యా."

వాడు వెళ్లాక బైండరు ప్రెస్సు చెక్క వైపు చూస్తూ కూర్చున్నాడు. ఏ మనిషి నోటి నుంచి ఏ మాట రావాలని ఇంత చేశాడో, ఆ మనిషి అంతకంటే పెద్దమాటే అంది. అందరి ముందూ, లేచి నిలబడి మరీ అంది. ఇప్పుడు ఫారం బయట పెడితే ఆవిడ ఒట్టు అబద్ధమవుతుంది. పెట్టకపోతే ఆ ఒట్టు రోజూ అతని పక్కన కూర్చుని అన్నం తింటుంది.

తేల్చుకునే అవకాశం కూడా అతనికి దక్కలేదు. చీకటి పడకముందే భార్య కొట్టుకొచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. చెప్పులు విప్పకుండానే నిలబడింది.

"తాళం తీసేది అన్నే అన్నావు."

బైండరు జిగురు గిన్నె కలుపుతున్నాడు.

"నిన్నే. ఏ ఫారంలో ఉందయ్యా అది? మేం చదివినదాంట్లో లేదు."

అతను చెక్క ఎత్తి ఫారం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని తిరగేసి చూసింది. నలగలేదు, మడత కూడా చెదరలేదు.

"చింపి పారేసినా కొంత బాగుండేది. ఎంత భద్రంగా దాచావు."

"కాగితం చింపలేను."

"నా ఒట్టు మాత్రం చింపగలవు." ఆవిడ గొంతు పెరగలేదు. "రేపు షెడ్డుకి వస్తావు. నేనేం చెప్పను. నువ్వే చెప్తావు. చెప్పి, ఇది నువ్వే చదువుతావు."

"నాకు పైకి చదవడం రాదు."

"దొంగతనం వచ్చిందిగా. ఇదీ వస్తుంది."

మర్నాడు షెడ్డులో మిషన్లు ఆగాయి. తోడల్లుడు టీ కెటిలుతో గుమ్మంలో నిలబడ్డాడు. బైండరు మధ్యలో నిలబడి చెప్పాల్సింది ఒక్క ముక్కలో చెప్పాడు. "ఫారం పోలేదు. నేనే తీసి దాచాను."

కటింగ్ మాస్టరమ్మ కత్తెర కింద పెట్టింది. "ఎందుకు, నాయనా?"

"పుస్తకం వాడు తెచ్చాడని."

బైండరు భార్య తల వంచుకుని గుండీ కుడుతోంది. కాజాల అక్క దారం కొరికి తుంపి అంది, "అదృష్టవంతురాలివే తల్లీ. నేను ఎవరి పుస్తకం చదివినా మా ఇంటాయనకి పట్టదు. ఈమాత్రం కుళ్లు కూడా లేదు మనిషికి." నవ్వు ఒక మూల మొదలై షెడ్డంతా పాకింది. భార్య నవ్వలేదు. కుడుతున్న గుండీని మాత్రం ఇంకో చుట్టు గట్టిగా బిగించింది.

అతను చదివాడు. ఘోరంగా చదివాడు. చుక్క ఉన్నచోట ఆగలేదు, లేనిచోట ఆగాడు. తమ్ముడు అరుగు మీద కూర్చునే చోట చెమట తుడుచుకుంటూ ఒక లైను దాటేస్తే గుమ్మంలోంచి తోడల్లుడు మెల్లగా ఆ లైను అందించాడు, పుస్తకం చూడకుండానే. బైండరు వాడిని కొరకొర చూసి ఆ లైను మళ్లీ తనే చదివాడు. మొలతాడు విప్పే చోటికొచ్చేసరికి సూదులు ఆగాయి. ఒకావిడ ముక్కు చీదింది. అయిపోయాక ఫారం భార్య ఒడిలో పెట్టి వచ్చేశాడు. ఆ రోజు టీలు అతని లెక్కలోకి వచ్చాయి.

ఆ సాయంత్రం వడ్డించేటప్పుడు ఆవిడే అంది, "ఖకి పుస్తకం ఎవరిదైనా నాకొకటే, ముందు చదివి తెచ్చినవాళ్లదే. కాకపోతే చదవనిది గుమ్మం దాటి లోపలికి రాకూడదు. మరిదికీ అదే చెప్పాను."

"వాడు వెతుకుతున్నాడా?"

"వెతికాడు. దొరికింది."

ఇప్పుడు బైండరు కొట్టులో గిరాకీలు గొణుక్కుంటున్నారు. పెళ్లి ఆల్బమొకటి అట్ట లేకుండా పడి ఉంది. జిగురు గట్టిపడింది. అతను ప్రెస్సు పక్కన స్టూలు మీద ముడుచుకుని కూర్చుని, పెదవులు కదుపుతూ, పాతకాగితాల కొట్టు అడుగు నుంచి తవ్వి తీసిన ఖ పుస్తకం చదువుతున్నాడు. మొదటి పేజీ నుంచి. అతుకుల దగ్గర ఆగకుండా.

తోడల్లుడు కొట్టు మీటరు చూడ్డానికి వచ్చాడు. భుజాన సంచిలోంచి ఒక పుస్తకం తొంగిచూస్తోంది. వీపు చూస్తేనే బైండరుకి తెలిసిపోయింది, తనదాంట్లో సగం లావు కూడా ఉండదు.

"పల్చటిది ఏరుకున్నావన్నమాట" అన్నాడు.

"బాగుంది, అన్నయ్యా. ఎంతదాకా వచ్చావు?"

"మీటరు ఆ మూల ఉంది. చూసుకుని వెళ్లు. నన్ను మాట్లాడించకు."

తోడల్లుడి బుగ్గ మీద సొట్ట పడింది. బైండరు ఆ సొట్ట కనబడకుండా పుస్తకం ఇంకాస్త పైకెత్తి పేజీ తిప్పాడు.