తుకారాం బూట్లు విప్పిన రోజు

బోయిగూడలో తుకారాం గురించి చెప్పుకునేది శుద్ధ అబద్ధం. మిలిటరీ రమ్ము ఎక్కువై ఆయన తూలుకుంటూ నడుస్తాడని కిరాణా కొట్టు దగ్గర ఒకటే గుసగుసలు. కోటాలో వచ్చే సీసా ఎప్పుడొచ్చినా నేరుగా బావమరిది ఇంటికే పోతుంది. ఈయన మూత కూడా తియ్యడు. ఆ తూలడం షుగరుది. ఏళ్ల నాటి షుగరు పాదాల్లో స్పర్శంతా తినేసింది. కింద నేలుందో లేదో తెలియని మనిషి మరెలా నడుస్తాడు?

ఇదంతా తెలిసింది ఆయన భార్య విమలమ్మకే.

తుకారాం ఫిరంగుల రెజిమెంట్లో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. మాజీ సైనికుల క్లినిక్‌కు పోయే రోజు ఇంట్లో పెళ్లి హడావుడే. నున్నగా గడ్డం, ఇస్త్రీ ప్యాంటు, మొహం కనిపించేటట్టు మెరిసే నల్ల బూట్లు. సర్వీసులో ఉన్నప్పుడు జ్వరమొచ్చినవాడు కూడా అలా తయారయ్యాకే డాక్టరు ముందుకు పోవాలి. లేకపోతే ముందు తిట్లు, తర్వాతే మందు. అదే అలవాటు ఒంటికి పట్టుకుంది. డాక్టరు ఎదుట నిటారుగా నిలబడి, బాగానే ఉన్నానని ఒకటే మాట: "ఠీక్ హూఁ సాబ్."

ఇదివరకు అక్కడొక డాక్టరమ్మ ఉండేది. ఠీకో కాదో తనే చూసుకునేది. కూర్చోబెట్టి, బూట్లు విప్పించి, వేళ్ల సందులు కూడా వదిలేది కాదు. కాంట్రాక్టు అయిపోయి వెళ్లిపోయింది. తర్వాత వచ్చినవాళ్లు మొహాలు గుర్తుపెట్టుకునేలోపే మారిపోయారు. ఇప్పుడున్నాయన "ఎలా ఉన్నారు?" అని కంప్యూటర్ను అడుగుతాడు. ఠీక్ అనగానే పాత మందులే మళ్లీ రాస్తాడు. ఆ మందులూ ఒక్కోసారి ఉంటాయి, ఒక్కోసారి వచ్చే వారం రమ్మంటారు. పక్క గదిలో పళ్ల డాక్టరు మాత్రం బంగారంలాంటి మనిషి, ఎంతసేపైనా చూస్తాడు. ఏం లాభం, తుకారాంవి కట్టుడు పళ్లు.

మొన్న వానాకాలంలో విమలమ్మకు ఉతికే బట్టల్లో ఆయన మేజోడు కనిపించింది. చిటికెన వేలు దగ్గర గట్టిపడిన మరక, దాంతోపాటు వాసన. అడిగితే బూటు పాలిష్ అన్నాడు. పాలిష్ వాసన ఆమెకు తెలియనిదా? ఈసారి క్లినిక్‌కు ఆమె కూడా వెంట బయల్దేరింది.

డాక్టరు అడగడం, ఈయన ఠీక్ అనడం అయిపోయాయి. విమలమ్మ "సార్, కాలు…" అని నోరు తెరిచిందో లేదో, తుకారాం పరేడ్ గ్రౌండు చూపు ఒకటి చూశాడు. అప్పటికే తర్వాతి పేరు పిలిచేశారు. ఆమె బయటి బెంచీ మీద కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

బీపీ చూసే నర్సు దేవకృప వచ్చి పక్కన కూర్చుంది. విమలమ్మ చెప్పిందంతా విని తలూపింది. "మా డాడీ సుత ఫౌజీనే, అమ్మా. ఠీక్ ఠీక్ అనుకుంటనే కాలు పోగొట్టుకున్నడు." లేచి, ఎదురు బెంచీ మీదున్న తుకారాం ముందుకు పోయింది. నొప్పుందా, దెబ్బ తగిలిందా అని ఏమీ అడగలేదు. గొంతు పెంచి, "హవల్దార్, జూతే ఉతారో" అంది.

అడిగితే దాచేవాడే. ఇది ఆర్డరు. ఆలోచించకుండానే వంగి లేసులు విప్పాడు. పాదం వాచి బూటు ఊడలేదు. దేవకృప మెల్లగా లాగి, అంటుకుపోయిన మేజోడును నీళ్లతో తడిపి తీసింది. చిటికెన వేలు నల్లబడిపోయి ఉంది. క్లినిక్ కోసం బిగించి కట్టిన ఆ బూటే ఒరుసుకుని పుండు చేసింది.

తుకారాం ఆ వేలును ఎవరిదో అన్నట్టు చూశాడు. "నొప్పి లేదు గదా, బిడ్డా. నొప్పుంటే నేనే చెప్పేటోన్ని."

విమలమ్మ కోపమంతా అక్కడే కరిగిపోయింది. ఆయన పాదాన్ని ఒళ్లో పెట్టుకుంది.

దేవకృప డాక్టరును గదిలోంచి పిలుచుకొచ్చింది. ఆయన మొదటిసారి కంప్యూటర్ను వదిలి నేల మీద కూర్చున్నాడు, చూశాడు, మొహం మారిపోయింది. ఆ రోజే ఒక ప్రైవేటు ఆసుపత్రికి పంపారు. అక్కడ మిలిటరీ కార్డు అనగానే, సర్కారు డబ్బు ఎప్పుడొస్తుందోనని సాయంత్రం దాకా నడవలో కూర్చోబెట్టారు. ఆపరేషన్ చేసినాయన మాత్రం చెయ్యి తిరిగినవాడు. వేలొక్కటి తీసి పాదం నిలబెట్టాడు.

ఇప్పుడు వెడల్పాటి మెత్తటి చెప్పులే వేసుకోవాలన్నారు. ఇంట్లో సరే, మరి క్లినిక్‌కు? పోయిన వారం మళ్లీ బూట్లు ముందేసుకుని కూర్చున్నాడు.

"చెప్పులేసుకొని డాక్టర్ సాబ్ ముంగటికి ఎట్ల పోతనే? ఇజ్జత్ ఉంటదా?"

"కాలు పోయినంక ఆ బూట్లు ఎవలకు తొడుగుతవయ్యా?"

తెల్లారి విమలమ్మ చూసేసరికి గడప దగ్గర ఆ మెత్తటి చెప్పులు నల్లగా నిగనిగలాడుతున్నాయి. పట్టీలకు కూడా పాలిష్ పట్టించాడు మహానుభావుడు. అవే వేసుకుని, గడ్డం గీసుకుని, తూలుకుంటూనే దర్జాగా బయల్దేరాడు.

దేవకృప కాంట్రాక్టు కూడా అయిపోవస్తోందట. ఆమె పోతే బూట్లు విప్పమనేవాళ్లెవరని విమలమ్మకు బెంగ. అందుకని బోయిగూడ వైపు వచ్చినప్పుడు ఒకసారి ఆ ఇంటికి పోయి రండి. ఎలా ఉన్నావని మాత్రం అడగకండి, ఠీక్ అంటాడు. విమలమ్మ ఇచ్చే చాయ్ తాగుతూ, ఆ పాదాలు ఒకసారి చూపించమనండి.