గంటకు మూడు లీటర్ల తేడా

ఆదివారం పొద్దున్న పది కొట్టేసరికి మేనకోడలు నోటుపుస్తకం చంకన పెట్టుకుని షెడ్డుకు వచ్చేస్తుంది. చిన్న విమానాలు నిలిపే షెడ్డు అది. అందులో వాళ్ళ నాన్న విమానం ఉండే మూల ఇప్పుడు ఖాళీ. సిమెంటు నేల మీద నూనె మరక ఒక్కటే మిగిలింది. మెకానిక్కు మావయ్య స్టూలు తుడిచి వేస్తాడు. ఆ పిల్ల కూర్చుని, పుస్తకం తెరిచి, వారం వారం అదే మాట అడుగుతుంది.

"ఎక్కడ తప్పాను మావయ్యా?"

బావ, అంటే ఆ పిల్ల తండ్రి, విమానంతో సహా సముద్రంలో పడిపోయి మూడు నెలలు దాటింది. అన్ని ఆదివారాలూ ఈ పెద్దమనిషి ఏదో ఒకటి అల్లి చెబుతూ వచ్చాడు. ఒక వారం ఎదురుగాలి అన్నాడు. ఒక వారం మబ్బులన్నాడు. ఏదీ తోచని వారం "మన చేతుల్లో ఏముందమ్మా" అని ప్లగ్గులు తుడుచుకుంటూ కూర్చున్నాడు. చెప్పాల్సిన మాట మాత్రం నాలుక చివరిదాకా వచ్చి మళ్ళీ గొంతులోకి దిగిపోయేది. పిరికితనం అంటారా, అనండి. అతను కూడా తన్ను తాను అంతకంటే పెద్ద మాటలే అనుకునేవాడు.

ఆ బావ సంగతి కాస్త చెప్పాలి. పేరుమోసిన మనిషేం కాదు. బజారు మలుపులో ఇరుకు కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది. ముందు అద్దాల బీరువా, వెనక అద్దాలు అరగదీసే సానరాయి, మధ్యలో అక్షరాల అట్ట. ఎదురుగా కూర్చోబెట్టి "పై వరస చదవండి, ఇప్పుడు కింద వరస" అంటూ ఇరవై ఏళ్ళు గడిపాడు. నలభయ్యో ఏట ఏ పురుగు కుట్టిందో, విమానం నడపడం నేర్చుకుంటానన్నాడు. ఇంట్లో భార్య రెండు పూటలు మాట్లాడడం మానేసింది. మూడో పూట "పోనీ, తాగుడు కంటే నయం" అని తనే సర్దుకుంది.

నేర్చుకున్నవాడు ఊరుకున్నాడా! ఎవరో అటకెక్కించిన పాత రెండు సీట్ల విమానం కొన్నాడు. దాన్ని బాగుచేసే మెకానిక్కు ఎలాగూ ఇంట్లోనే ఉన్నాడు, భార్య తమ్ముడు. ఇద్దరూ కలిసి ఏడాదిపాటు దాని పొట్ట విప్పి మళ్ళీ కుట్టారు. వెనక సీటు పీకి అక్కడ పెట్రోలు ట్యాంకు బిగించారు. అంత చిన్న విమానంలో, నడుమ ఎక్కడా దిగకుండా, అందరికంటే ఎక్కువ దూరం పోవాలని బావ కోరిక. బయల్దేరిన చోట ఒక అధికారి సంతకం, దిగిన చోట ఇంకొక అధికారి సంతకం. ఆ రెండు కాగితాలే సాక్ష్యం. దారి పొడవునా మనిషిని కనిపెట్టి చూసే పెట్టెలు ఆ రోజుల్లో ఇంత చిన్నవాటికి లేవు.

మొదటిసారి పదకొండు గంటలు ఎగిరాడు. రికార్డు వచ్చింది. రెండేళ్ళకు పదమూడు గంటలు, తన రికార్డు తనే కొట్టుకున్నాడు. బజారులో అందరూ ఆయన్ని "గాలి దొర" అనేవాళ్ళు. "దొరగారూ, ఈసారి పైనుంచి మా మిద్దె మీద ఆరేసిన బట్టలు కూడా చూసి రండి, వాన పడేట్టుంది" అని ఎదురు దుకాణం దర్జీ మేలమాడితే, "చూస్తా, నీ కొలతలు పైనుంచే తేలిపోతాయి" అనేవాడు బావ. అలాంటి మనిషి. ఎవర్నీ నొప్పించడం చేతకాదు, కాదనిపించుకోవడం అంతకంటే చేతకాదు.

లెక్కలన్నీ కూతురివి. బడిలో లెక్కల టీచరు ఆ పిల్ల. ఇంజను గంటకు ఎంత తాగుతుంది, ట్యాంకులో ఎంత పడుతుంది, ఎన్ని గంటలు నిలుస్తుంది, అన్నీ పట్టికలు గీసి రాసేది. మొదటి రెండుసార్లూ గంటకు ఇరవై మూడు లీటర్లు అయింది. ఎటు తిప్పి లెక్కేసినా ఇరవై మూడే.

మూడోసారి పదిహేను గంటల ప్రయాణం. దానికి ముందు మావయ్య ఇంజను మొత్తం విప్పి, కడిగి, కార్బురేటరు తన చేత్తో సరిచేశాడు. వెనకనుంచి తోసే తోకగాలికి గంటన్నర కలిసొస్తుందని మూడు వందల ఇరవై లీటర్లు పోసి పంపాడు. ఆ వెంటనే తను పెద్ద విమానమెక్కి, బావకంటే ముందే అవతలి ఊరు చేరి కాచుకున్నాడు. బావ సాయంకాలానికి దిగాడు. అధికారి ట్యాంకులో పుల్ల ముంచి చూస్తే ఇంకా ఇరవై లీటర్లున్నాయి. ఫోనులో ఆ మాట వినగానే కూతురు ఎగిరి గంతేసింది.

"మూడు వందలు, పదిహేను గంటలు. అంటే గంటకి ఇరవయ్యే! మావయ్యా, నీ చేతికి బంగారు కడియం చేయించాలి!"

అప్పటికి మావయ్య చేతిలో చక్రం తొడుగు ఉంది. చక్రాల మీద గాలి తగలకుండా కప్పే తొడుగు అది. విప్పి చూస్తే లోపల ఎర్రమట్టి. ఇంకా తడి ఆరలేదు, రెండు గడ్డిపోచలు కూడా అతుక్కుని ఉన్నాయి. బయల్దేరిన చోటా సిమెంటు, దిగిన చోటా సిమెంటు. ఆ మట్టి ఎక్కడిదో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. దారి మధ్యలో, పొలాలకు మందు చల్లే విమానాలు దిగే ఎర్రమట్టి నేల ఒకటుంది. కుర్రతనంలో అక్కడే రెండేళ్ళు పనిచేశాడు. పంట లేని నెలల్లో అక్కడ మనిషి ఉండడు. రేకుల కొట్టంలో పెట్రోలు పీపాలుంటాయి. ఈ సంగతి ఒకప్పుడు సరదాగా బావకు చెప్పింది కూడా తనే.

వెనకనుంచి బావ వచ్చి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏంట్రా, అంత తీరిగ్గా చూస్తున్నావు?"

"ఏం లేదు బావా. గ్రీజు కారింది."

గుడ్డ కిరసనాయిల్లో ముంచి శుభ్రంగా తుడిచేశాడు. ఆ మాట వాళ్ళిద్దరి మధ్య మళ్ళీ ఎన్నడూ రాలేదు.

ఎందుకు తుడిచాడంటే, బావ మీద ప్రేమ. అది నిజమే. కానీ సగమే నిజం. పత్రికలో విమానంతోపాటు అతని బొమ్మ కూడా వేశారు. మూడు లీటర్లు ఆదా చేసిన చెయ్యి అని రాశారు. ఆ కాగితం కత్తిరించి షెడ్డు గోడకు మేకులతో కొట్టుకున్నాడు. దూరాల నుంచి మనుషులు అతన్ని వెతుక్కుంటూ వచ్చి తమ ఇంజన్లు ఇచ్చారు. ఏ కార్బురేటరు కడిగినా గంటకు మూడు లీటర్లు తగ్గవని అతనికంటే ఎవరికి బాగా తెలుసు? దారిలో నలభై అయిదు లీటర్లు పోసుకుంటే మాత్రం కాగితం మీద బ్రహ్మాండంగా తగ్గుతాయి. ఆ కూడిక అతను అదే రోజు రాత్రి మనసులో చేసేశాడు. చేసి, మెప్పు రుచి మరిగి, నోరు మూసుకున్నాడు.

నాలుగోది సముద్రం మీద. పంతొమ్మిది గంటలు. బావకు తొందర. ఎడమ కన్ను మసకేస్తోంది. వచ్చే ఏడు లైసెన్సు పరీక్షలో తప్పుతానని ఊరందరి కళ్ళూ చూసే మనిషికి వేరేవాళ్ళు చెప్పాలా? కూతురు పుస్తకం తెరిచి లెక్క కట్టింది. నాలుగు వందల ఇరవై లీటర్లు, గంటకు ఇరవై. ఇరవై ఒక్క గంటలు వస్తుంది. ఇంకా రెండు గంటలు చేతిలో మిగులు.

రికార్డు నియమం ప్రకారం విమానం, మనిషి, పెట్రోలు అంతా కలిపి వెయ్యి కిలోలు దాటకూడదు. అందుకని బావ రెండు నెలలు సగం కడుపే తిన్నాడు. సీటు మెత్త తీసేశాడు. పళ్ళు తోముకునే బ్రష్షు పిడి కూడా విరిచేశాడు. "ఇంకొన్నాళ్ళు పోతే ఈయన విమానం లేకుండానే ఎగురుతాడు" అంది అక్క. నవ్వుతూనే అంది, కళ్ళలో నీళ్ళతో.

బయల్దేరే రోజు పొద్దున్న తూకం వేస్తే ఇరవై తొమ్మిది కిలోలు ఎక్కువొచ్చింది. కూతురు తెల్లబోయింది. పట్టికలో ప్రతి వస్తువూ రాసుంది మరి. మావయ్య లోపలికి దూరి చూశాడు. సీటు వెనక, వానకోటు కింద, ఇరవై లీటర్ల పెట్రోలు డబ్బాలు రెండున్నాయి.

"ఇవేంటి నాన్నా?" అంది కూతురు. "నా లెక్క మీద నీకే నమ్మకం లేదా?"

"అబ్బే, అదేం లేదురా తల్లీ. ఊరికే, ఉంటే మంచిదని..."

"రెండు గంటల మిగులు పెట్టాను కదా!"

అధికారి గడియారం చూసుకుంటున్నాడు. బావ బావమరిది వైపు తిరిగాడు. "ఒరేయ్, ఒక్క డబ్బా అయినా ఉంచరా. రేడియో తీసేద్దాం, అదీ ఇదీ తీసేద్దాం" అన్నాడు నెమ్మదిగా.

ఆ చూపు చూసినవాడు మావయ్య ఒక్కడే. బావ అడుగుతున్నది డబ్బా గురించే, కానీ కూతురి ముందు ఎందుకో చెప్పలేడు. చెబితే మూడో రికార్డు పోతుంది, పిల్ల కళ్ళలో తండ్రి పోతాడు. మావయ్య చెప్పొచ్చు. అదే ఊపులో గోడ మీద కాగితం కూడా ఊడుతుంది. అతను తల దించుకున్నాడు. "రేడియో లేకుండా పోనివ్వరు బావా" అన్నాడు. రెండు డబ్బాలూ తన చేతులతోనే కిందికి దించాడు.

బావ కూతురి తల నిమిరి ఎక్కి కూర్చున్నాడు. తోకగాలి దొరికితే గట్టెక్కుతాననుకుని ఉంటాడు. దొరకలేదు. బయల్దేరిన పద్దెనిమిది గంటల పదిహేను నిమిషాలకు రేడియోలో ఆయన గొంతు వినబడింది. "ఇంజను ఆగిపోయింది, దిగుతున్నాను." గొంతు మామూలుగానే ఉందట. తీరం ఇంకా ముప్పావు గంట దూరం. వారం వెతికితే ఒక్క చక్రం దొరికింది, తొడుగుతో సహా.

దినాలు గడిచాక అక్క ఒకరోజు కూతుర్ని పట్టుకుని, "నీ లెక్కే ఆయన్ని మింగిందే!" అని అరిచింది. అరిచి, కూతురితో మాట మానేసింది. ఆ అరుపు విన్నప్పుడు మావయ్య పక్కగదిలోనే ఉన్నాడు. అప్పుడైనా బయటికొచ్చి ఒక్క ముక్క అనొచ్చు. ఛీ, ఏం మనిషి!

ఈ ఆదివారం మేనకోడలు పుస్తకంలోంచి మడిచిన కాగితం తీసింది.

"బడికి రాజీనామా మావయ్యా. రేపు ఇచ్చేస్తాను. కన్నతండ్రిని చంపే లెక్క కట్టినదాన్ని, పిల్లలకి ఏం చెప్పను?"

మావయ్య చేతిలో స్పానరు బల్ల మీద పెట్టాడు. తలుపు పక్కన ఆనించిన, సముద్రంలో దొరికిన ఆ చక్రం వైపు చూశాడు. వచ్చి ఆ పిల్ల ముందు సిమెంటు నేల మీదే చతికిలబడ్డాడు.

"నీ లెక్క తప్పు కాదమ్మడూ. నీకిచ్చిన అంకె తప్పు."

అంతా చెప్పాడు. ఎర్రమట్టి, గడ్డిపోచలు, కిరసనాయిలు గుడ్డ, పీపాలు, అన్నీ. గోడ మీది కాగితం సంగతి కూడా దాచలేదు. అతను ఆగాక ఆ పిల్ల పెన్సిలు తీసింది. అలవాటైన చెయ్యి కదా, తిన్నగా కొత్త పేజీలో గీత గీసి, నాలుగు వందల ఇరవైని ఇరవై మూడుతో భాగించింది. పద్దెనిమిది గంటలు, పైన పావుగంట. వెనక్కి తిప్పి, రేడియో వాళ్ళిచ్చిన సమయం పక్కన పెట్టి చూసింది.

"సరిపోయింది" అంది.

అప్పుడు ఏడ్చింది. మూడు నెలల్లో మొదటిసారి, పుస్తకం మీద తల పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. మావయ్య చెయ్యి చాచి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఆ తల నిమిరే ముఖం తనకెక్కడిది?

చాలాసేపటికి లేచి ముఖం తుడుచుకుంది.

"నాన్న ఒక్క డబ్బా అడిగాడు."

"అడిగాడమ్మా."

"ఒక్కటి చాలేది. ఇరవై లీటర్లు, యాభై నిమిషాలు." తలెత్తి అతని వైపు చూసింది. "నీకు తెలిసే దించావా మావయ్యా?"

"తెలిసే."

ఆ పిల్ల అతన్ని తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి ప్రాణం కొట్టుకుంది. రాజీనామా కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, పుస్తకం అతని ఒళ్ళో పెట్టింది.

"అమ్మకి నువ్వే చూపించు. నేను చెబితే నమ్మదు."

మధ్యాహ్నం ఎండలో మావయ్య అక్క ఇంటికి నడిచాడు. గోడ మీది పత్రిక కాగితం పీకి జేబులో పెట్టుకున్నాడు, మేకుల చిల్లులతో సహా. ఇల్లు చేరాక తలుపు కొట్టడానికి చెయ్యి రాలేదు. అలికిడికి అక్కే తీసింది. తలలో నూనె లేదు, చీర నలిగి ఉంది. తమ్ముణ్ణి చూడగానే ముఖం కాస్త తేటపడింది.

"రారా తమ్ముడూ, నీకోసమే చూస్తున్నా. పొద్దుట్నుంచీ ముద్ద దిగలేదు. నువ్వొస్తే ఇద్దరం తిందామని వడ్డించి కూర్చున్నా. నాకింక నువ్వు తప్ప ఎవరున్నార్రా?"

లోపల బల్ల మీద రెండు కంచాలు కనబడుతున్నాయి. అతను గడప దాటలేదు. బయటే నిలబడి పుస్తకం తెరిచాడు.