మట్టి కోర్టులో బంతి గుర్తు

ఆ ఇటలీ టెన్నిస్ క్రీడాకారిణి గురించి మా కాలనీలో నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు లేరు. అదేమంత గొప్ప కాదు, తెలుసుకోవాలని ఇంకెవరికీ లేదు కాబట్టి. ఆవిడ పెద్ద కప్పు ఒక్కటీ గెలవలేదు. పేపర్లో ఆటల పేజీ అడుగున, చీమలంత అక్షరాల్లో వేసే ఫలితాల్లో ఆవిడ పేరు ఎక్కువసార్లు ఓడినవాళ్ల వైపే ఉండేది. తొంభైల్లో మొదలుపెట్టి, ఆవిడ ఆట మానేసేదాకా ఆ ముక్కలన్నీ కత్తిరించి పాత డైరీలో అంటించాను. "ఆవిడ నీకేమన్నా చుట్టమా?" అనేది మా అమ్మ. అందరూ అభిమానం అనుకున్నారు. నిజానికి ఆవిడంటే నాకు భయం.

మా నాన్న ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఇంజనీరు. కాలనీ క్లబ్బు వెనక ఒక మట్టి కోర్టు ఉండేది. పొద్దున్నే నీళ్లు చల్లి, రోలరు తిప్పి, సున్నంతో గీతలు వేసేవాళ్లు. అక్కడ నాతో ఆడేది నాన్న దగ్గర పనిచేసే ఫిట్టరు గారి అమ్మాయి. వాళ్ల నాన్న, తన మాటల్లో అబ్బా, డ్యూటీకి వస్తూ భవానీపురం నుంచి స్కూటరు మీద తీసుకొచ్చేవారు. నాకంటే ఏడాది చిన్న, నన్ను అక్కా అనేది. తన రాకెట్టు నా పాతదే. ఆట మాత్రం నాకంటే బాగా ఆడేది. ఈ మాట అప్పుడే ఒప్పుకుని ఉంటే ఇప్పుడిది రాసే పని పడేది కాదు.

మట్టి కోర్టులో బంతి పడ్డచోట గుర్తు మిగులుతుంది. చిన్న పోటీల్లో అంపైరు ఉండడు. ఎవరి వైపు పడ్డ బంతి లోపలో బయటో వాళ్లే చెప్పాలి, అవతలివాళ్లు అడిగితే గుర్తు చూపించాలి. బంతి లోపలే పడిందని ఒప్పుకున్నాకే ఆ గుర్తును బూటుతో చెరిపేస్తారు. మా ఇద్దరికీ కోచ్ నేర్పిన మొదటి మర్యాద అది.

నాకు పదిహేనేళ్లప్పుడు బెజవాడలో జరిగిన జిల్లా పోటీల్లో, సెమీఫైనల్లో మేమిద్దరమే ఎదురుపడ్డాం. మే నెల ఎండ, మూడో సెట్టు. ఇంకొక్క పాయింటు వస్తే మ్యాచ్ తనది. తను కొట్టిన బంతి నన్ను దాటుకుపోయి మూలన పడింది. గుర్తు సగం గీత మీదే ఉంది, అంటే లోపలే. నేను "అవుట్" అన్నాను. అనేసి కాలితో చెరిపేశాను.

తను నెట్ దాటి వచ్చి చూసింది. నా బూటు గీసిన చార తప్ప అక్కడేముంటుంది?

"లోపలే పడిందక్కా, నేను చూశా" అంది.

"సరిగ్గా చూడు. బయటే" అన్నాను. నా గొంతు కూడా వణకలేదు. ఆ మ్యాచ్ నేనే గెలిచాను. మర్నాడు ఫైనల్లో చిత్తుగా ఓడాను.

ఆ నెలాఖరులోనే టీవీలో ఆ ఇటలీ ఆవిడను మొదటిసారి చూశాను. అదీ మట్టి కోర్టే, పారిస్‌లో. ఓడిపోయే ఘడియ. అవతలి అమ్మాయి కొట్టిన బంతి బయట పడిందని గీత దగ్గరున్న మనిషి చెయ్యి చాపాడు. పాయింటు ఈవిడదే. ఈవిడ మాత్రం నడిచివెళ్లి, వంగి గుర్తు చూసి, బూటుతో చెరిపేసి, లోపలే పడిందని అంపైరుకు సైగ చేసింది. మ్యాచ్ పోయింది. బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది.

నేను చేసిన పనే ఆవిడా చేసింది, కాకపోతే తలకిందులుగా.

తర్వాత నా స్నేహితురాలు కోర్టుకు రావడం మానేసింది. చదువు వల్ల అని నేనే అందరికీ చెప్పాను. కొన్నాళ్లకు నేనూ మానేశాను. రోలరు తిప్పి ఎంత నునుపు చేసినా ఆ మూలలో నాకు గుర్తు కనపడేది. ఇంట్లో ముగ్గు పిండి ఒలికినా కనపడేది.

ఇటలీ ఆవిడ మణికట్టుకు దెబ్బ తగిలి ఏడాది ఆడలేదు. ర్యాంకు పడిపోయింది. పేరు తెలియని ఊళ్లలో క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు ఆడుతూ పోయింది. తల మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్న ఫొటో ఒకటి వస్తే, ఆ మొహంలో, ఆ రోజు నిజం ఒప్పుకున్నందుకు పశ్చాత్తాపం కోసం ఎంతసేపు వెతికానో. ఒక్కసారైనా మోసం చెయ్యాలని కోరుకున్నాను. చేస్తే నాకో తోడు దొరికేది. దొరకలేదు.

రెండువేలు దాటిన కొన్నేళ్లకు ఆవిడ ఆట మానేసిందని రెండు లైన్లు వేశారు. ఆ ఆదివారం భవానీపురం బస్సెక్కాను.

నా స్నేహితురాలు తలుపు తీసి, "అక్కా! ఎన్నాళ్లకి!" అని రెండు చేతులూ పట్టుకుంది. ఇప్పుడు స్కూల్లో లెక్కల టీచరు. నాకు టీ ఇచ్చి, ముందున్న పరీక్ష పేపర్లు దిద్దుతూ కబుర్లు చెప్పింది. ఒక్కో పేపరు దిద్ది, పక్కన కూర్చున్న భర్త వైపు జరుపుతోంది. ఆయన మళ్లీ చూసి సరే అన్నాకే పక్కన పెడుతోంది. అదేంటని అడిగాను.

"నా కళ్లని నేను నమ్మనక్కా" అని నవ్వింది. "ఆ మ్యాచ్ గుర్తుందా? బంతి లోపలే పడిందని ఆ రోజు మా అబ్బాతో ఏడ్చి మరీ చెప్పా. ఇంజనీరు గారమ్మాయికి అబద్ధమాడాల్సిన ఖర్మేంటి, నీ కళ్లకే ఏదో అయిందన్నారు. కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయనేమో కళ్లు బాగానే ఉన్నాయన్నాడు. మరి అంత బాగా కనపడింది కూడా తప్పయితే, ఇంక బంతి ఎక్కడ పడుతోందో ఎట్లా నమ్మేది? అందుకే మానేశా."

టీ కప్పు కింద పెట్టి చెప్పాను.

"లోపలే పడింది. నేను చూశాను. కావాలనే అవుటన్నాను. గుర్తు కూడా కావాలనే చెరిపేశాను."

తను నా మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని ఎంతగా కోరుకున్నానో చెప్పలేను. తను నా చేతి మీద చెయ్యి వేసింది.

"ఊరుకో అక్కా. నన్ను ఓదార్చడానికి ఇన్నేళ్ల తర్వాత తప్పు నీ మీద వేసుకుంటావా?"

మా అమ్మ మీద ఒట్టేసి మళ్లీ చెప్పాను. తను కళ్లు తుడుచుకుని భర్త వైపు తిరిగింది.

"చూశారా అండీ, మా అక్క ఎంత మంచిదో."